గుమ్మడి పాదు పెట్టని ఇల్లు

నాకు అక్షరాలు వచ్చేసరికి జుట్టులో తెల్ల వెంట్రుకలు కూడా వచ్చేశాయి. పెళ్ళీడు కూతురు పక్కన కూర్చుని తోటకూర కట్టలు కడుతుంటే, నేను పలక ఒళ్ళో పెట్టుకుని ‘క’కి తలకట్టు పెట్టేదాన్ని. మా అత్త గుమ్మంలో కూర్చుని దారిన పోయేవాళ్ళందరికీ చెప్పేది: "సూడండర్రా, మా కోడలు బడికెల్తంది. రేపోమాపో దీనికి పుట్టెంట్రుకలు తీయించాల."

రంగూన్‌ని మేము రంగం అనేవాళ్ళం. ఊరి నడుమ పబేడాన్ పేట సందుల్లో పొద్దున్నే కూరల బేరం నాది. అక్కడి కొట్ల మీద బర్మా రాతలూ ఇంగ్లీషు రాతలూ మధ్య ఎక్కడో ఒకటి తెలుగు బోర్డు ఉండేది. దాని కింద గంప పెట్టుకుని ఏళ్ళ తరబడి కూర్చున్నాను గానీ నా నెత్తిమీద ఏం రాసి ఉందో నాకు తెలీదు. తెలుగు క్రైస్తవుల చర్చి వెనకగదిలో ఒక టీచరమ్మ ఆడవాళ్ళకు చదువు చెబుతోందని విన్నాక, ఒకరోజు బేరం అవగానే ఖాళీ గంప అక్కడి అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళాను. గుణింతాలు వచ్చాక మొదట చదివింది ఆ బోర్డే. ‘ఇచ్చట మంచి కాఫీగుండ దొరుకును’ అని ఉంది. అన్నేళ్ళూ ఆ కొట్టు ముందు కూర్చుని, కాఫీగుండ ఎక్కడ దొరుకుతుందని పక్క వీధిలో అడిగేదాన్ని.

మా ఇల్లు పజుండాన్ కాలువకు అవతల, తాకేటాలో. అప్పట్లో అటంతా పొలాలూ మడులూ. ఒక బర్మా ముసలావిడ దగ్గర నేల కౌలుకు తీసుకుని వంగ, బెండ, బచ్చలి, ఆనప, చిక్కుడు పండించి, తెల్లారేసరికి సంపాను పడవలో కాలువ దాటించేవాళ్ళం. ఆ మడులు మొదలుపెట్టింది మా మామ. ఆయన కుర్రతనంలో రేవులో మూటలు మొయ్యడానికి కూలీగా వచ్చాడు. అయినా నేల కనబడితే ఊరుకోలేని మనిషట. కూలీలుండే వరస గదుల వెనక, లైన్లు అనేవాళ్ళం వాటిని, చెయ్యెడు జాగాలో కూడా మిరపనారు పోశాడని మా అత్త చెప్పేది. నా పెనిమిటి నడక నేర్చే వయసులోనే ఆయన పోయాడు. నేను చూడలేదు.

ఆయన పెట్టిన నియమం ఒకటి మాత్రం ఇంట్లో ఉండిపోయింది. మేము గుమ్మడి పాదు పెట్టం. పబేడాన్‌లో షావుకార్లు ఎంత అడిగినా సరే. "మన ఇంట అచ్చిరాదు" అనేది అత్త. ఎందుకు అచ్చిరాదంటే, "ఆయనన్నాడు, నాను విన్నాను. మొగుణ్ణి ఎందుకని అడుగుతారేటి?" అనేది. మా పక్కింటివాళ్ళ కంచె నిండా గుమ్మడి పూలే. పొద్దున్న పసుపు పచ్చగా విచ్చుకుని మమ్మల్ని వెక్కిరిస్తున్నట్టు ఉండేవి.

ఆ పక్కిల్లే ఈ కథకు మూలం.

అది మేస్త్రిగారి ఇల్లు. మా మామను, ఇంకా బోలెడుమందిని ఓడెక్కించి రంగం తీసుకొచ్చిన మేస్త్రి ఆయనే. ఆయనా ఎప్పుడో పోయాడు. ఆయన తమ్ముడు ఉన్నాడు, తలపాగా తియ్యకుండా నిద్రపోయే మనిషి, మా కులానికి పెద్ద. నేను ఆయన్ను మావా అని పిలిచేదాన్ని, మా మామ కాక ఈయన మాకు పెద్దమావ. మేస్త్రి కోడలు నాకు ప్రాణ స్నేహితురాలు. నాకంటే కొంచెం పెద్దది, అందుకని అప్పా అనేదాన్ని, అంటే అక్కా అని. ఆమె కొడుకు రేవులో సరుకు లెక్క చూసే పని చేసేవాడు. మా అమ్మాయీ వాడూ ఒకే మట్టిలో ఆడుకుని పెరిగారు.

వాళ్ళ ఇంటిపేరూ మా ఇంటిపేరూ ఒకటే.

ఇది తెలుగువాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంటిపేరు ఒకటైతే వాళ్ళు అన్నాచెల్లెళ్ళు. పెళ్ళి మాట ఎత్తడమే తప్పు. కానీ ఒక సంగతి నేను చాన్నాళ్ళుగా గమనిస్తున్నాను. మా అమ్మాయి చుట్టుపక్కల కుర్రాళ్ళందరినీ వరసపెట్టి అన్నా అన్నా అని పిలిచేది. పక్కింటి అబ్బాయిని మాత్రం చిన్నప్పట్నుంచీ ఏ వరసా పెట్టి పిలవలేదు. "ఏయ్" అనేది. పెద్దయ్యాక ఆ "ఏయ్" కూడా మానేసింది. వాడొస్తే లేచి లోపలికి వెళ్ళి, తలుపు సందులోంచి చూసేది.

మా అప్ప కూడా గమనించింది. ఒకరోజు కంచె అవతలనుంచి గుమ్మడి పూలు కోస్తూ అంది:

"ఒలే, మీ గుంట మావోణ్ణి సూసి దాంకుంటంది. మావోడు మీ మడిలో పని లేకపోయినా గట్టు కడతన్నాడు. ఏటి సేద్దాం?"

"ఏటి సేత్తాం అప్పా? పేరు అడ్డొచ్చింది కదా."

"పేరు కాపోతే నాకు నీ గుంటే కావాల" అంది ఆమె. ఆ పూలతో ఆమె వేయించిన పకోడీలు సాయంత్రం మా ఇంటికి పంపింది. పాదు పెట్టకూడదు గానీ తినకూడదన్న నియమం మాకు లేదు.

కులపెద్ద చెవిన పడింది. ఆయన కోప్పడలేదు. అదే కష్టమైంది. మా అరుగు మీద కూర్చుని చుట్ట వెలిగించి మెల్లగా చెప్పాడు. "అమ్మా, మీ మావ మాకు పరాయోడు కాడు. ఆణ్ణి సూపించి మా అన్న నాతో ‘మనోడేరా’ అన్నాడు. నా సెవులతో విన్నాను. మరి మనోడి మనవరాల్ని మనింటికే ఎలాగ తెత్తాం? మా గుంటణ్ణి ఈ ఓడల్లో మనూరు పంపేత్తాను. అక్కడ సంబంధం సూసినాను. వైశాకంలో లగ్గం."

మా అమ్మాయి ఆ సాయంత్రం మడికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళి, పెట్టిన మడికే మళ్ళీ మళ్ళీ పెట్టింది. వంగమొక్కలు మునిగిపోయాయి.

మా కౌలు ముసలావిడ, ఆ బర్మా ఆవిడ, ఈ సంగతి విని అసలు నమ్మలేదు. బర్మావాళ్ళకు ఇంటిపేర్లు లేవు. ఎవరి పేరు వాళ్ళదే. "మీకు పేరు ముందు ఇంకో పేరెందుకు?" అని అడిగింది. మా వంశం తెలియడానికి అన్నాను. "మరి తెలిసిందా?" అంది. నేను గంప నెత్తికెత్తుకుని వచ్చేశాను. ఆ ప్రశ్న మాత్రం మడి గట్టు మీద అంటుకున్న బురదలా నన్ను వదల్లేదు. మా ఇంటిపేరు మాదే అని మాకు చెప్పిందెవరు?

ఇది పందొమ్మిది వందల ఇరవైల మొదట్లో, సర్కారు జనాభా లెక్కలు రాసిన ఏడాది సంగతి. ఆ రోజుల్లోనే లెక్కలాయన మా ఇంటికీ వచ్చాడు. గుమ్మం మీద తారుతో నంబరు వేసి, అరుగు మీద కూర్చుని పేరు, వయసు, మతం, కులం, ఎక్కడ పుట్టారు, ఏం చేస్తారు అని అడుగుతూ రాసుకున్నాడు. చదువు వచ్చిన వాళ్ళున్నారా అని అడిగితే మా అత్త నా వైపు చెయ్యి చూపించి, "ఇదుంది. ఇప్పుడే పుట్టింది" అంది.

నేను ఆయన్ను అడిగాను. "బాబూ, ఇలాంటి లెక్క ఎనకటికీ రాసినారా?"

"పదేళ్ళకోసారి రాస్తారమ్మా."

"మా మావ లైన్లలో ఉన్నప్పుడు?"

"అప్పుడూ రాసే ఉంటారు."

"ఆ కాయితాలు ఏటి సేసినారు?"

ఆయన నవ్వాడు. "కూడికలు అయ్యాక చిత్తు కాగితాల కింద అమ్మేస్తారు. మీ పబేడాన్‌లో బెల్లం పొట్లాలు కట్టేది వాటితోనే."

ఆ మాటతో నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఎన్ని బెల్లం పొట్లాలు విప్పి కాగితం పొయ్యిలో పారేశానో. మర్నాడు చదువుకు వెళ్ళినప్పుడు టీచరమ్మతో అంతా చెప్పాను. ఆమె అన్నగారు చౌక్తడాలో ఒక సర్కారు ఆఫీసులో గుమస్తా. ఆమె కనుక్కుని వచ్చి చెప్పింది. చాలా పుస్తకాలు పోయాయి గానీ, రేవు కూలీ లైన్లవి కొన్ని ఏదో తగాదా వల్ల దాచారట. అవి తెలుగులోనే ఉన్నాయట. ఆ రోజుల్లో లైన్లలో చదువు వచ్చినవాడు మేస్త్రి దగ్గర లెక్కలు రాసే గుమస్తా ఒక్కడే కాబట్టి, సర్కారు ఆ పని వాడికే అప్పగించిందట.

నేను తిన్నగా పక్కింటికి వెళ్ళి కులపెద్దతో, "మావా, ఆఫీసులో మీ అన్నగారి లైన్ల రాతలు ఉన్నాయంట. సూత్తారా?" అన్నాను. అన్న పేరు చెబితే ఆయన కాదనలేడు. మడత కోటు తీసి వేసుకున్నాడు. కోటుకు కర్పూరం వాసన.

చౌక్తడాలో ఆ ఆఫీసు పెద్ద ఎర్ర మేడ. మెట్లెక్కుతుంటే నా కాళ్ళకున్న మడి బురద మెట్లకు అంటుతుందేమోనని చీర కుచ్చిళ్ళతో తుడుచుకుంటూ ఎక్కాను. టీచరమ్మ అన్నగారు మమ్మల్ని వరండాలో బల్ల దగ్గర కూర్చోబెట్టి, అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి తెచ్చాడు. చెదలు తిన్నంత తిని మిగిల్చినది. తెరవగానే మా పెద్దమావ కళ్ళకు అద్దుకున్నాడు.

మొదటి వరసలో మేస్త్రి పేరు ఉంది. దాని ముందు ఇంటిపేరు, మా ఇంటిపేరు. నేను కూడబలుక్కుని చదివాను. నా నోటితో నేను చదివిన మొదటి సర్కారు మాట అది. కింద వరుసలో ఇంటిపేరు ఉండాల్సిన చోట రెండు చిన్న గీతలు ఉన్నాయి. దాని కింద వరుసలోనూ అవే రెండు గీతలు. పేజీ చివరిదాకా, వానచుక్కల్లా, గీతలూ గీతలూ.

"ఇది ఏ అచ్చరం బాబూ? టీచరమ్మ ఇది నాకు సెప్పలేదు" అన్నాను.

ఆయన నవ్వాడు. "అక్షరం కాదమ్మా. ‘పైన ఉన్నదే’ అని గుర్తు. రాసి రాసి చెయ్యి నొప్పెట్టి అలా పెడతారు. మేమూ పెడతాం."

"అంటే అందరికీ మేస్త్రి ఇంటిపేరేనా?"

"ఇక్కడ అలాగే రాశాడు."

"మరి సదవండి బాబూ, ఎవరెవరున్నారో."

ఆయన వేలు పెట్టి కిందికి చదువుకుంటూ వెళ్ళాడు. మా మామ పేరు వచ్చింది. వయసు ఇరవై లోపు. వృత్తి, ఇంటి దగ్గర సేద్యం, ఇక్కడ మూటలు. కులం మేస్త్రిదే. పుట్టింది మాత్రం మేస్త్రి జిల్లా కాదు, గంజాం జిల్లా. రాసిన గుమస్తా ఊరి పేరు కూడా వేశాడు. పారిపోతే వెతకడానికి కాబోలు. ఆ తర్వాత వరసలో వంటవాడు. ఒరియావాడు. అదే ఇంటిపేరు. తర్వాత మంగలి, అదే ఇంటిపేరు. తర్వాత ఇంకొకాయన, వృత్తి గోనెసంచులు కుట్టడం, మతం మహమ్మదీయం. రెండు గీతలు. అదే ఇంటిపేరు.

మా పెద్దమావ చెయ్యెత్తి ఆపాడు. "ఆగాగు. గోనెలు కుట్టే సాయిబా? ఒంటి కన్ను సాయిబేనా?"

"కన్ను సంగతి రాయలేదండీ."

"ఆడే! నాను వొచ్చినప్పుడు ఉన్నాడు. పండగొస్తే మాకు సేమ్యా పంపేవోడు." ఒక్క నిమిషం పుస్తకం వైపు చూశాడు. "ఓరి మా అన్నో! సాయిబుని కూడా మన ఇంటోణ్ణి సేసేసినావేటి!"

ఇక ఆయనకు నవ్వు ఆగలేదు. తలపాగా వదులైపోయి ఒక చివర భుజం మీదికి జారింది. పక్క బల్లల గుమస్తాలు తలలెత్తి చూశారు. లెక్కలు రాసే గుమస్తా అడిగి ఉంటాడు, వీళ్ళెవరని. మేస్త్రి తన పద్ధతిలో అని ఉంటాడు, అందరూ మనోళ్ళే అని. మేస్త్రి పద్ధతే అది. ఓడ దింపిన ప్రతివాణ్ణీ ఆయన మనోడే అన్నాడు. జబ్బు చేస్తే మందిప్పించాడు, చస్తే కట్టెలు పేర్పించాడు, వేరే మేస్త్రి లాక్కుపోబోతే కర్ర పట్టుకున్నాడు. ఆ మాటే చివరికి కాగితం మీదికి ఎక్కింది. మా మామ పోయాక పసిపిల్లాడితో మిగిలిన మా అత్తకు ఎవరడిగినా చెప్పడానికి ఆ పేరే ఉంది. ఆమె పుట్టింది, మనువాడింది ఈ లైన్లలోనే. మామ ఊరు ఆమె ఎరగదు.

బయటికి వచ్చాక మెట్ల మీద ఆయన తలపాగా సరిచేసుకుని గొంతు సవరించుకున్నాడు. "సరేనమ్మా. మీది మా పేరు కాదు. మరి మీ పేరేటి?"

"అది ఇందులో లేదు కదా మావా."

"పేరు లేకుండా సంబందం ఎలాగ కలుపుతాను? గంజాంలో కూడా మా ఇంటిపేరోళ్ళున్నారు. రేపు ఆళ్ళే మీరని తేలితే? ఓడ ఎల్లేలోగా పేరు తే. తెస్తే నానే పల్లకీ మోత్తాను."

ఆయన పల్లకీ మొయ్యడం మాట దేవుడెరుగు, నేను మాత్రం ఆ రోజు కాలువ దాటేటప్పుడు పడవలో నిలబడే ఉన్నాను. కూర్చోబుద్ధి కాలేదు. మా మామ ఊరి పేరు నాకు వచ్చు. రాయడం కూడా వచ్చు. పలక మీద రాసి నా పెనిమిటికి చూపించాను. ఆయనకు చదవడం రాదు. వేలితో ఆ గీతల మీద నిమిరాడు, వంకాయ నునుపు చూసినట్టు. "ఇదేనా మా ఊరు? సిన్నగా ఉంది" అన్నాడు.

వరికోతలూ మిల్లు పనులూ అయిపోయి, కూలివాళ్ళు ఊళ్ళకు తిరిగి వెళ్ళే రోజులవి. రేవులో ఓడకోసం జనం మూటల మీద పడుకుని ఉండేవారు. గంజాం, కళింగపట్నం వైపు వెళ్ళేవాళ్ళే ఎక్కువ. నేను పబేడాన్ మాని గంప రేవులో దించాను. దోసకాయలు కొని తినేవాళ్ళందరినీ మీదే ఊరని అడిగేదాన్ని. మా అత్త కూడా వస్తానని పట్టుబట్టింది. ఆమెతో ఒక తంటా. మొగుడి పేరు నోటితో చెప్పదు. ఎవరైనా "మీ ఆయన పేరేటమ్మా?" అంటే నా వైపు చూసేది. నేను మామ పేరు చెబితే, "ఆ, అదే, దేవుడి పేరు" అని చెంగుతో నోరు మూసుకునేది. ముసలామెకు సిగ్గేమిటని రేవు కూలీలు ఆటపట్టించారు. "మీ ఆయన పేరు నువ్వు సెప్తే దోసకాయ రెండు కొంటాం మామ్మా" అన్నారు. "నాలుగు కొన్నా సెప్పను" అంది.

చాలామందికి ఆ ఊరు తెలీదు. కొందరు తెలుసన్నారు గానీ వాళ్ళు చెప్పింది వేరే ఊరు. ఓడ ఆ సాయంత్రమే కదులుతుందని కబురొచ్చిన రోజు, తెల్ల మీసాల రైతు ఒకాయన గంప ముందు కూర్చుని దోసకాయ కొరికి మొహం చిట్లించాడు.

"ఏటమ్మా, సేదు."

"తొడిమ వోపు కొరికినావు. కొన కొరుకు."

"నాకు దోసకాయ తినడం నేర్పుతావేటి? నాను రైతుని."

"నానూ రైతునే. ఇది నా మడిలోది."

ఆయన నా చేతులు చూశాడు. తర్వాత మర్యాద వచ్చింది. ఏ ఊరన్నాను. చెప్పాడు. మా మామ ఊరి పేరు నేను చెబితే, అది వాళ్ళకు ఏటి అవతలేనట! అక్కడినుంచి వచ్చిన ఒకాయన కోడలినని, ఇల్లు ఏదో తెలీదని చెప్పాను.

"పేరు తెలవకుండా ఇల్లు ఎలాగ సెప్పను? ఆ ఊరంతా సేద్యగాళ్ళే. మీరేటి పండిత్తారు?"

నేను వరసగా చెప్పాను. ఆయన వింటూ వింటూ, "గుమ్మడి సెప్పలేదు" అన్నాడు.

మా అత్త ముందుకు జరిగింది. "మా ఇంట గుమ్మడి పాదు పెట్టం నాయినా. అచ్చిరాదు."

ఆయన కొరుకుతున్న దోసకాయ పక్కన పెట్టాడు. "ఏటీ? మళ్ళీ అను."

"గుమ్మడి పాదు పెట్టం."

"తింతారా?"

"పక్కోళ్ళు పెడితే తింతాం."

ఆయన తొడ చరుచుకుని నవ్వాడు. ఆ నవ్వుకు మూటల మీద పడుకున్నవాళ్ళు లేచి కూర్చున్నారు. "ఆళ్ళే! ఆళ్ళే! మా వోపంతా తెలిసిన ఇల్లే అది."

ఆయన చెప్పిన కథ ఇది. ఆ ఇంట్లో ముత్తాతల నాడు అన్నదమ్ములిద్దరు. భూమి పంచుకున్నారు. మధ్యన గట్టు. అన్న గుమ్మడి పాదు పెడితే తీగ గట్టు దాటి తమ్ముడి వైపు కాయ కాసింది. వేరు నాది కాబట్టి కాయా నాదేనని అన్న, కాయ నా నేల మీద ఉందని తమ్ముడు. తగువు ఊరి పెద్దల దాకా, అక్కడినుంచి జమీందారు కచేరీ దాకా పోయింది. తీర్పు వచ్చేలోగా కాయ గట్టు మీదే కుళ్ళింది. మాటలు లేక అన్నదమ్ముల ఎద్దులు చెరో పొలంలో ఒంటరిగా నిలబడ్డాయి. జత కలవక దున్నకం ఆగింది. అప్పుడు వాళ్ళ తల్లి ఇద్దర్నీ ఆ గట్టు మీద కూర్చోబెట్టి ఒకే ఆకులో అన్నం పెట్టి, ఈ ఇంట ఇక గుమ్మడి పాదు పెట్టబోమని ఒట్టు వేయించిందట. "పాదే పెట్టకపోతే తగువెక్కడిది?" అందట.

"ఆళ్ళింట నడిపోడొకడు రంగం ఎల్లి మరి రాలేదని మా అయ్య సెప్పేవోడు" అని, ఆ రైతు ఇంటిపేరు చెప్పాడు.

చిన్న పేరు. నా నాలుకకు కొత్త. అత్త నా వైపు తిరిగి, "రాయి, మరసిపోతావు" అంది. రాయడానికి ఏమీ లేదు. గంప అంచు మీద సున్నం కాయలోని సున్నంతో వేలితో రాశాను. అది మేస్త్రి ఇంటిపేరు కాదు. దానికి దగ్గర కూడా కాదు.

"మామయ్యా, ఈ మాట మా పెద్దాయన ముందు సెప్పాల. వత్తావేటి?"

"ఓడ సాయంత్రానికి కదా. అన్నం పెడితే వత్తాను."

సంపానులో ఆయన్ను కాలువ దాటించాం. మా అరుగు మీద కులపెద్ద ఆయన్ను ప్రశ్నలతో తవ్వేశాడు. ఆ ఊరికి నీళ్ళెటునుంచి, ఏ దేవత, ఏ పంట, ఎవరింట ఎవరు పుట్టారు. ఆయన వంకాయ కూర కలుపుకుంటూ అన్నీ చెప్పాడు. చివరికి మా పెద్దమావ, "మరి గంజాంలో మా ఇంటిపేరోళ్ళు?" అన్నాడు.

"ఆళ్ళా? ఆళ్ళ గుంటలనే ఈళ్ళు తెచ్చుకుంటారు. తరతరాలుగా వియ్యాలోళ్ళే. ఇంకొంచెం కూర."

మా పెద్దమావ మీసం మెలేశాడు. తర్వాత కంచె వైపు తిరిగి కోడల్ని కేకేశాడు. "ఒలే! ఇటు రా. ఈవిణ్ణి ఏటని పిలుత్తన్నావు?"

"సెల్లీ అని" అంది ఆమె, తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి.

"ఇక నుండి వొదినా అను."

ఆమెకు అర్థం కావడానికి క్షణం పట్టింది. తర్వాత నా మెడ చుట్టూ చేతులు వేసి "వొదినా" అంది. నేను "అప్పా" అనేశాను, అలవాటుకొద్దీ. అందరూ నవ్వారు. వియ్యపురాళ్ళం అయ్యాక కూడా చాలాకాలం నాకు నోరు జారేది. మా అమ్మాయి లోపలికి పారిపోయింది. ఈసారి తలుపు సందులోంచి చూడలేదు. వంటింట్లో చెంబులు ఒకదాని మీద ఒకటి పడ్డ చప్పుడు వినబడింది.

ఆ రైతును ఓడెక్కించేటప్పుడు మా పెనిమిటి ఆయన సంచి నిండా బెండ విత్తనాలూ వంగ విత్తనాలూ పోశాడు. "మా ఇంటోళ్ళకి ఇవ్వు. రంగం నుంచి నడిపోడి కొడుకు పంపినాడని సెప్పు" అన్నాడు.

వైశాఖంలో పెళ్ళి మా మడుల పక్కనే పందిరి వేసి చేశాం. కౌలు ముసలావిడ పట్టు లుంగీ కట్టుకుని అందరికంటే ముందు కూర్చుంది. అయ్యవారు ఫలానా వారి ఇంటి అబ్బాయి, ఫలానా వారి ఇంటి అమ్మాయి అని ఇంటిపేర్లు చదివాడు. మా అత్త లేచి నిలబడింది. "బాబూ, మాది మళ్ళీ సదువు" అంది. ఆయన మళ్ళీ చదివాడు. "ఇంకోపాలి" అంది. ముహూర్తం దాటిపోతుందమ్మా అన్నా వినలేదు. మూడోసారి చదివించుకుని, చెంగు సర్దుకుని కూర్చుంది. పల్లకీ లేదు గానీ మా పెద్దమావ మాట తప్పలేదు, పెళ్ళికూతురి పీట ఒక వైపు ఆయనే పట్టి మోశాడు. నడుం పట్టేసి రెండురోజులు లేవలేదు.

మూడు ముళ్ళూ పడ్డాక నా పెనిమిటి నా చెవిలో అన్నాడు. "ఏటే, రేవంతా తిరిగి పేరు తెచ్చినావు. తెచ్చిన పేరు గుంటకి పట్టుమని పది గడియలు లేదు. మళ్ళీ పాత పేరే అయిపోయింది."

నిజమే. అత్తవారింటిపేరు వచ్చేసరికి, మా అమ్మాయి ఏ పేరుతో పుట్టిందో ఆ పేరుకే తిరిగి వెళ్ళింది. ఒక్క అక్షరం మారలేదు. ఇద్దరం పందిట్లో ఆపుకోలేక నవ్వుతుంటే, కూతురి పెళ్ళిలో ఏడవాల్సింది పోయి ఇదేమిటని ఆడవాళ్ళు చూశారు.

ఆ వానాకాలం మా అమ్మాయి తన కొత్త ఇంట్లో, అంటే కంచెకు అవతల, మొదట చేసిన పని గుమ్మడి పాదు పెట్టడం. చిన్నప్పట్నుంచీ పెట్టనివ్వలేదన్న కసి కాబోలు. తీగ ఎంత ఏపుగా పెరిగిందంటే, కంచె దాటి మా వైపుకు వచ్చి, మా వంగమడి గట్టు మీద పెద్ద కాయ కాసింది. నేను అత్తను పిలిచి చూపించాను. ముత్తాతల కథ ఇద్దరికీ గుర్తొచ్చింది.

"ఎవరిది ఇది?" అన్నాను.

ఆమె దాని చుట్టూ తిరిగి చూసింది, వంగి గోటితో తట్టింది. "పాదు మనం పెట్టలేదు కదా" అని, కంచె అవతలికి కేకేసింది. "ఓలే మనవరాలా! మీ గుమ్మడికాయ మాయింటికి వొచ్చింది. కత్తిపీట అట్టుకుని రా. సగం సగం."